పాత లేత్‌ను తూకానికి అమ్మొద్దు

రాజవొమ్మంగి, అడ్డతీగల వైపు పల్లెల్లో అరక పట్టిన చేతుల్లోకి పవర్ టిల్లర్ వచ్చింది. పంపుసెట్లు, పిండిమరలు, నూర్పిడి యంత్రాలు వచ్చాయి. యంత్రాలైతే మన్యంలోకి వచ్చాయి గానీ, వాటిని బాగుచేసే యంత్రం మాత్రం చాలా ఊళ్లకు రాలేదు. దుక్కుల రోజుల్లో టిల్లర్ షాఫ్ట్ అరిగిపోతే ఆ ముక్కను సంచిలో వేసుకుని ఏలేశ్వరమో నర్సీపట్నమో దిగాలి. లేత్ మీద దాని పని కాసేపట్లో అయిపోతుంది. బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి, ఈలోగా ఆరిపోయే పదును కూడా కలిపి చూస్తే ఆ కాసేపటి పని ఎంత ఖరీదో రైతుకే తెలుస్తుంది. అందుకే, మైదానంలో తుక్కు కింద తూకానికి పోతున్న పాత లేత్ మిషన్లను బాగుచేసి, ఏజెన్సీ పల్లెల్లో ఇంటి పక్క రేకుల షెడ్లలో నిలబెట్టే పనిని ప్రభుత్వం నెత్తికెత్తుకోవాలని నా వాదన. బ్రిటన్‌లో, అమెరికాలో పాత లేత్‌ను బాగుచేసుకోవడం చాలామందికి తీరిక వేళల అభిరుచి. మన కొండల్లో అది వ్యవసాయానికి కావలసిన సేవ.

పాడేరు, చింతపల్లి, అరకు వైపు వెళ్తే ఈ అవసరం ఇంకా సూటిగా కనిపిస్తుంది. కాఫీ పండును కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి. కుప్పగా వదిలేస్తే పులిసిపోయి గింజ రుచి చెడుతుంది. చిన్న రైతులు వాడే చేతి పల్పర్‌లో పాడయ్యేవి పెద్ద భాగాలేమీ కావు. షాఫ్ట్ తిరిగే బుష్ అరిగి వదులవుతుంది, డ్రమ్ము ఊగుతుంది, గింజ నలగడం మొదలవుతుంది. గన్‌మెటల్ ముక్కను లేత్ చక్‌లో బిగించి, లోపల షాఫ్ట్ కొలతకు, బయట గూడు కొలతకు తిప్పి, కొత్త బుష్ దించితే పల్పర్ మళ్లీ పనికొస్తుంది. ఆ పని దగ్గర్లో జరగకపోతే రైతు పండును అలాగే ఎండబెట్టి చెర్రీగా అమ్ముకోవాలి. తొక్క తీసి ఆరబెట్టిన పార్చ్‌మెంట్‌కు పలికే ధర దానికి పలకదు. మొక్కలిచ్చి, పల్పర్లిచ్చి, కొనుగోలు కేంద్రాలు పెట్టి, ఒక బుష్ దగ్గర రైతును నష్టపోనివ్వడం ఏం న్యాయం?

లేత్ కావాలంటే కొత్తదే కొనొచ్చు కదా అని అడగవచ్చు. తక్కువ ధరకు దొరికే కొత్త చిన్న లేత్‌లలో ఇనుము తక్కువ. బరువు లేని మిషన్ టిల్లర్ షాఫ్ట్ లాంటి మొండి ఇనుమును కోసేటప్పుడు వణుకుతుంది, ఆ వణుకు పని మీద గీతలుగా పడుతుంది. అదే డబ్బుకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే, టన్నుకు పైగా తూగే పాత మిషన్ దొరుకుతుంది. 1953లో బెంగళూరులో పుట్టిన హెచ్ఎంటీ, హరిహర్‌లోని మైసూర్ కిర్లోస్కర్ చేసిన లేత్‌లు, లూధియానా, బటాలా, రాజ్‌కోట్ చిన్న కార్ఖానాల లేత్‌లు మన ఆటోనగర్లలో, ఐటీఐల్లో దశాబ్దాల పాటు పనిచేశాయి. షాపు మూతపడినప్పుడో, సంస్థ కండెమ్ చేసి వేలం వేసినప్పుడో అవి కిలోల లెక్కన కొలిమికి పోతున్నాయి. మైసూర్ కిర్లోస్కర్ మూతపడి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి ఇక ఆ మిషన్లకు స్పేర్లు దొరకవనే మాటా ఉంది. కానీ లేత్ మిగతా యంత్రాల వంటిది కాదు. దాని భాగాల్లో చాలావాటిని ఇంకో లేత్ మీద, కొన్నింటిని దాని మీదే చేసుకోవచ్చు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కచ్చితంగా కోసే లేత్‌ను తీర్చిదిద్దాక యంత్రాలు చేసే యంత్రాల వంశమంతా దాన్నుంచే పెరిగింది.

ముసలి లేత్ అంటే అంతా అరిగిపోయిందని కాదు. పోత ఇనుప బెడ్ అరిగేది ఎక్కువగా చక్ పక్కనే, ఎందుకంటే పనంతా అక్కడే జరుగుతుంది. చక్‌కు ఎదురుగా ఉండే టెయిల్‌స్టాక్ చివర చాలాసార్లు కొత్తదానిలాగే ఉంటుంది. చక్ దగ్గర క్యారేజీని వదులు లేకుండా బిగించి రెండో చివరకు నడిపితే పట్టేస్తుంది. ఆ పట్టే తీరే అరుగుదల ఎంతో చెబుతుంది. ఇనుప కడ్డీ రెండు చివర్లా సన్నటి అంచులు వదిలి, టూల్ లోతు మార్చకుండా రెండింటినీ వరుసగా తిప్పి, మైక్రోమీటరుతో కొలిస్తే మిల్లీమీటరులో నూరో వంతు తేడా కూడా దొరికిపోతుంది. బాగుచేయడానికి కిరోసిన్‌తో కడిగి, స్ట్రెయిట్ ఎడ్జ్‌కు ప్రష్యన్ బ్లూ పల్చగా పూసి బెడ్ మీద రుద్దుతారు. ఎత్తుగా ఉన్న చోట నీలం అంటుకుంటుంది. ఆ మచ్చలను స్క్రేపర్‌తో గీకి, మళ్లీ రుద్ది, మళ్లీ గీకుతూ పోతే నీలం చుక్కలు బెడ్ పొడవునా సమంగా పరుచుకుంటాయి. ఇది ఓపిక తినే పని, కానీ దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. నిరుద్యోగం ఉన్నచోట, చేతి నైపుణ్యం ఉన్నచోట నిలబడే లెక్క ఇది. ఏజెన్సీలో కత్తులు, గొడ్డళ్లు, నాగటి కర్రులు సాగదీసే కమ్మరుల చేతికి ఇనుము గుణం తెలుసు. వాళ్ల పిల్లలు కొలత నేర్చుకుంటే చాలు.

కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మిషన్లొచ్చిన కాలంలో చేతి లేత్ నేర్పడం పిల్లల భవిష్యత్తును వెనక్కి లాగడమేనని కొందరు చదువుకున్నవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. ఒకే ముక్కను వేల సంఖ్యలో చేయడానికి సీఎన్‌సీకి సాటి లేదు. మరమ్మతులో మాత్రం ప్రతి ముక్కా వేరు, అరిగిన తీరు వేరు, డ్రాయింగే ఉండదు. పైగా చేతి లేత్ మీద టూల్ ఎందుకు విరిగిందో తెలిసినవాడే రేపు సీఎన్‌సీ ముందు నిలబడినా తడబడడు.

భద్రత గురించి లేవనెత్తే అభ్యంతరం మాత్రం గట్టిదే. పాత మిషన్లలో గేర్లకు మూతలుండవు, అత్యవసర స్విచ్ ఉండదు. తిరిగే చక్ చొక్కా చేతిని పట్టిందంటే మనిషినే లాగేస్తుంది. అందుకని మూతలు, ఎర్ర స్విచ్, ఎర్తింగ్ లేనిదే బాగుచేత పూర్తయినట్టు లెక్కించకూడదు. గ్లౌజులు తొడుక్కుని లేత్ దగ్గరకు రావొద్దన్నది మొదటి పాఠం కావాలి. ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు మీద పాత త్రీ ఫేజ్ మోటారు నడవదన్న చిక్కు చిన్నది. సింగిల్ ఫేజ్‌ను త్రీ ఫేజ్‌గా మార్చే, చిన్న మోటార్లకు సరిపోయే వీఎఫ్‌డీలు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. అయితే బెడ్ పగిలినదాన్ని, హెడ్‌స్టాక్ పోత చీలినదాన్ని తుక్కుకే వదలాలి. ఏది బతుకుతుందో ఏది బతకదో చెప్పగల కన్ను కావాలి, ఆ కన్ను శిక్షణతోనే వస్తుంది.

ఐటీఐల్లో మెకానిక్ మెషిన్ టూల్ మెయింటెనెన్స్ అనే ట్రేడ్ ఉంది, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ల ముందు దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఏజెన్సీ ఐటీఐల్లో దాన్ని తెరిచి, కండెమ్ అయిన లేత్‌లను వేలానికి పంపే ముందు ఆ విద్యార్థులకు అప్పగించాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. ఆ 15,000తో లేత్ రాదు, రుణంతో మాత్రం బాగుచేసిన లేత్ కొని షెడ్డు కూడా వేసుకోవచ్చు. చిక్కల్లా బ్యాంకులు కొత్త మిషన్ కొటేషన్ అడగడం దగ్గరే వస్తుంది. బాగుచేసిన లేత్‌ను ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ కొలిచి, బెడ్ సూటిదనం, స్పిండిల్ ఊగు, అంచుల మధ్య తేడా రాసి సంతకం చేసిన పరీక్ష పత్రాన్ని ఆ కొటేషన్‌తో సమానంగా తీసుకోమని ఒక ఉత్తర్వు ఇస్తే, రంపచోడవరం ఐటీడీఏ పరిధిలోనే ముందు మొదలుపెట్టి చూడవచ్చు.