పాత టిగ్ యంత్రము - కొత్త విద్యార్థి

టిగ్ వెల్డింగు నేర్చిన మన యువకులకు బాలానగరు షెడ్లలోనైనను, గల్ఫు దేశములలోనైనను పని దొరకుచున్నది. కాని యంత్రము మొరాయించిన నాడు ఆ వెల్డరు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. వెల్డింగు నేర్పు మనము ఆ యంత్రమును బాగుచేయుట ఏల నేర్పరాదు? దానికి పాతబడిన ట్రాన్స్‌ఫార్మరు యంత్రమే తగిన పాఠ్యపుస్తకమని మా అభిప్రాయము.

ఇన్వర్టరు యంత్రములు చౌకగా వచ్చుచుండగా ఆ ఇనుపపెట్టె దేనికని కొందరు మిత్రులు అడుగుదురు. చేత మోయదగిన ఇన్వర్టరు మంచిదే, కాదనము. కాని దాని గుట్టంతయు చిన్న బోర్డులలో దాగియున్నది. అది చెడినచో కొత్తవానికి బోర్డు మార్చుట తప్ప వేరు దారి తోచదు. పాత యంత్రపు రేకు విప్పినచో ట్రాన్స్‌ఫార్మరు, కాంటాక్టరు, డయోడులు, గ్యాసు వాల్వు అన్నియు కంటికి కనిపించును.

ఒక ఉదాహరణము చూడుడు. మీట నొక్కిన ఆర్గాను వచ్చుచున్నది, ఆర్కు మాత్రము వెలుగదు. ట్రాన్స్‌ఫార్మరు కాలినదని కొత్తవాడు బెంబేలెత్తును. అది అంత సులభముగా చెడునది కాదు. ముందు చూడవలసినది స్పార్కు గ్యాపు. టంగ్‌స్టను మొనను లోహమునకు తాకించకయే ఆర్కు పుట్టించు హై ఫ్రీక్వెన్సీ విద్యుత్తు, ఈ సన్నని సందులో ఎగురు నిప్పురవ్వల వలననే కలుగును. వాడుకతో దాని మొనలు అరిగి, మసిబారి, సందు పెరుగును. వాటిని శుభ్రపరచి, ఫీలరు గేజితో సందును యంత్రపు పుస్తకములోని కొలతకు తేవలెను. కొన్ని యంత్రములలో అది సుమారు 0.2 మిల్లీమీటరు మాత్రమే. తరచు అంతటితోనే యంత్రము నడచును. అల్యూమినియమును అతుకుటకు వాడు ఏసీ ప్రవాహము సెకనుకు 100 మారులు సున్నకు వచ్చును. అప్పుడు ఆర్కు ఆరకుండ కాచునదియు ఈ హై ఫ్రీక్వెన్సీయే. కెపాసిటరు, కాయిలు పాఠమును కంఠస్థము చేసిన విద్యార్థికి ఇంతకంటె మంచి ప్రయోగశాల ఎక్కడ దొరకును?

ప్రమాదము మాట దాచము. ఇట్టి యంత్రములు పెక్కింటికి 415 వోల్టుల కరెంటు వచ్చును. ప్లగ్గు తీసిన పిదపను కెపాసిటరులలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. దానిని రెసిస్టరు ద్వారా దించి, మీటరుతో చూచుకొనిన పిమ్మటనే చేయి పెట్టవలెను. హై ఫ్రీక్వెన్సీ నడుచుచుండగా టార్చి వైపు మీటరు తగిలించిన మీటరే చెడిపోవచ్చును. కావున మొదటి కొన్ని వారములు కరెంటు కలుపకయే సర్క్యూటు పటము చదువుచు, తీగల కంటిన్యూయిటీ చూచుచు గడపుట మేలు.

కమిటీ పెద్దలకు మా మనవి యొక్కటే. పాత యంత్రములను తుక్కు క్రింద వేలము వేయునప్పుడు ఒకదానిని వర్క్‌షాపున ఉంచుడు. ఒక బల్ల, మంచి మల్టీమీటరు, ఫీలరు గేజి చాలును. బజారులో చేయి తిరిగిన ఉస్తాదులున్నారు. డిగ్రీ లేదని వారిని గేటు వద్ద ఆపక, వారమునకు రెండు పూటలు గౌరవ వేతనమిచ్చి పిలువుడు. వారు పాఠము ఉర్దూలో చెప్పినను, తెలుగులో చెప్పినను మన విద్యార్థులకు అభ్యంతరము లేదు.