బడి ఈడు దాకా ఆగొద్దు: ఏర్గట్ల సీపీ పిల్లలకు చికిత్స ఇంటి దగ్గరే, మొదటి ఏడాదిలోనే

పసుపు తవ్వే నెలల్లో నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మార్కెట్‌కు తోలడం. మిగతా రోజుల్లో ఎందరో ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లూ తక్కువేమీ కాదు. అలాంటి ఇంట్లో మెడ నిలపలేని బిడ్డ ఉంటే, ఫిజియోథెరపీ కోసం వారం వారం నిజామాబాద్ తీసుకురమ్మని చెప్పడం తేలికే. బిడ్డను చంకనేసుకొని బస్సులు మారి వెళ్లి వచ్చేసరికి తల్లికి ఆ రోజు కూలి పోతుంది. పనుల కాలంలో ఎంత పట్టుదల ఉన్న తల్లికైనా అది సాగదు. ప్రయాణంతో పాటు చికిత్సా ఆగిపోతుంది.

బిడ్డ మెడ నిలపలేకపోవడానికి ఒక కారణమైన సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అంటువ్యాధి కాదు. తల్లి గ్రహణం వేళ బయటికి రావడం వల్ల వచ్చేదీ కాదు. కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, పుట్టిన తొలి రోజుల్లోనో మెదడు దెబ్బతింటే వస్తుంది. నెలలు నిండక ముందే పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ముదిరిన పసికామెర్లు, మెదడుకు సోకే ఇన్ఫెక్షన్లు దీనికి తెలిసిన కారణాలు. ఆ దెబ్బను మాన్పే మందు లేదు. కానీ బిడ్డ ఏ మేరకు కూర్చోగలదు, చేయి వాడగలదు అన్నది ఆ దెబ్బ తీవ్రతతో పాటు తొలి ఏళ్లలో అందే శిక్షణ మీద కూడా ఆధారపడుతుంది.

కెనడాలోని ఒంటారియోలో 657 మంది సీపీ పిల్లల ఎదుగుదలను గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనం ఒక సంగతి తేల్చింది. సమస్య తీవ్రంగా ఉన్న పిల్లలు తాము అందుకోగల కదలికల్లో 90 శాతాన్ని మూడేళ్లలోపే అందుకుంటారు. తేలికపాటి సమస్య ఉన్నవారికి అది ఐదేళ్ల దగ్గర్లో జరుగుతుంది. మన దగ్గర ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రాలు ప్రధానంగా బడి ఈడు పిల్లల కోసం పనిచేస్తున్నాయి. అక్కడి ఉపాధ్యాయుల శ్రమ విలువైనదే, ఆ వయసులో చేసే సాయమూ వృథా కాదు. అయినా అసలు అదను దాటాక బిడ్డ వారి దగ్గరికి చేరుతోంది.

ముందే గుర్తించడం కుదరదా అంటే, కుదురుతుంది. పసిబిడ్డ కదలికలను, నరాల పనితీరును పద్ధతిగా పరీక్షించి, ఎమ్మారై కూడా చూస్తే ఐదారు నెలల లోపే చాలామందిలో సీపీని పసిగట్టవచ్చని ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2017లో వివరించింది. జబ్బు పేరు ఖరారయ్యే దాకా కూర్చోకుండా, అనుమానం వచ్చినప్పుడే శిక్షణ మొదలుపెట్టమన్నది ఆ బృందం సలహా.

శిక్షణ అంటే బల్ల మీద పడుకోబెట్టి ఎవరో కాళ్లూ చేతులూ ఆడించడం కాదు. నూనె మర్దనతో బిడ్డకు హాయి కలగవచ్చు, నడక మాత్రం రాదు. గిన్నె అందుకోవడానికి బిడ్డ తానే చేయి చాపాలి, తానే పదేపదే ప్రయత్నించాలి. అందుకు ఇల్లే తగిన చోటు. నోవాక్ బృందమే 2009లో 36 మంది పిల్లలపై చేసిన ప్రయోగంలో, చికిత్సకులు నేర్పిన పనులను తల్లిదండ్రులు ఇంట్లో చేయించారు. సగటున నెలకు 17 సార్లు, ఒక్కోసారి సుమారు 16 నిమిషాలు. ఎనిమిది వారాల్లోనే పిల్లల పనితీరు మెరుగైంది. బీడీలు చుట్టే తల్లికి కూడా 16 నిమిషాలు దొరుకుతాయి. దొరకనిది నేర్పే మనిషి.

ఆ మనిషి పెద్ద చదువుల నిపుణుడే కానక్కర్లేదన్న ఆలోచనతో పశ్చిమ బెంగాల్‌లో లీప్-సీపీ అనే అధ్యయనం చేపట్టారు. స్థానికంగా శిక్షణ పొందిన కార్యకర్తలు వారానికోసారి చొప్పున 30 సార్లు ఇంటికి వెళ్లి, ఆటల ద్వారా తల్లికి నేర్పేలా దాన్ని రూపొందించారు. మన పల్లెలకు సరిపోయే నమూనా ఇదే.

తుంటి సంగతి మరువకూడదు. సీపీ పిల్లల్లో కొందరికి తుంటి ఎముక మెల్లగా జారిపోతుంది, నొప్పి వచ్చే దాకా ఇంట్లోవాళ్లకు తెలియదు. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి క్రమం తప్పకుండా ఎక్స్‌రేలు తీసి, అవసరమైన వారికి ముందే చికిత్స చేయడంతో తుంటి పూర్తిగా తొలగిపోవడం దాదాపు కనుమరుగైంది.

 ఇంటి దగ్గరే శిక్షణ అందించడానికి కొత్త పథకం అక్కర్లేదు. బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలన్న జాతీయ కార్యక్రమం 2018 నుంచే ఉంది. అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాల్సిన ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందాలున్నాయి. ఈ పనులను కలిపే దారమే కావాలి. నవజాత శిశు చికిత్స కేంద్రం నుంచి ఇంటికొచ్చిన ప్రతి బిడ్డ పేరూ మండల జాబితాలోకి ఎక్కాలి. ఇంట్లో శిక్షణ ఇచ్చే పద్ధతిని ఆశా కార్యకర్తలకు నేర్పి, ఆ పనికి వేరుగా పారితోషికం ఇవ్వాలి. ఫిజియోథెరపిస్టు వారానికొక రోజు ఏర్గట్లకే రావాలి. తుంటి ఎక్స్‌రేకు తేదీలు ముందే రాసివ్వాలి.

ఈలోగా మూలకణాలతో నయం చేస్తామనేవారి మాట నమ్మి పొలం అమ్ముకోవద్దు. సీపీకి క్లినికల్ ట్రయల్స్ బయట మూలకణ చికిత్స ఇవ్వడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఒప్పుకోవు.

వచ్చే గ్రామసభలో ఈ కోరికలను తీర్మానంగా రాయించండి. నాలుగు నెలలు నిండినా మెడ నిలవని, పిడికిళ్లు విప్పని బిడ్డ, ఏడాదిలోపే ఒక్క చేయే వాడుతున్న బిడ్డ, తొమ్మిది నెలలకూ కూర్చోని బిడ్డ మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే, ఆ రోజే ఆశా కార్యకర్తకు చెప్పండి.