భోషాణంలోని ఋషిఋణం

గోదావరీతీర గ్రామాలలో ఒక ఆచారం కలదు. వేదాధ్యయనమో సంగీతసాధనో చేసిన పెద్దలు పరమపదించిన కొన్నేళ్లకు, భోషాణంలోని తాటాకు కట్టలను, శిథిలమైన చేతివ్రాత పుస్తకాలను మూటగట్టి నదిలో నిమజ్జనం చేస్తారు. అక్షరం సరస్వతీస్వరూపం కనుక అది కాలి క్రింద పడరాదన్న భక్తియే దీనికి మూలం. భావం పవిత్రమైనదే. కాని ఆ మూటను విప్పి చూడకుండానే నీటిపాలు చేయడం భక్తి అనిపించుకొంటుందా?

ఈ ప్రశ్నకు దూరదేశపు ఉదంతమొకటి సమాధానం చెబుతున్నది. వియన్నా నగరంలో హైన్రిక్ షెంకర్ (1868–1935) అనే సంగీతలక్షణవేత్త ఉండేవాడు. వినవచ్చే స్వరవిస్తారమంతటికీ అడుగున ఒక మూలరేఖ ఉన్నదని, నానాత్వమంతా దాని వికాసమేనని పాశ్చాత్య సంగీతాన్ని వ్యాఖ్యానించినవాడు. ఆయన రమారమి నలుబది ఏండ్లు డైరీ వ్రాసినాడు. అందులో చాలా భాగం ఆయన చెప్పగా భార్య జానెట్ వ్రాసిపెట్టినదే. భర్త గతించిన పిదప ఆ కాగితాలను ఆమె ప్రాణప్రదంగా కాపాడినది. యూదు మతస్థురాలన్న కారణాన నాజీలు ఆమెను థెరీజియన్‌స్టాట్ నిర్బంధశిబిరానికి తరలించగా, 1945లో అక్కడే మరణించినది. ఆమె దేహం దక్కలేదు. ఆమె దాచిన అక్షరం దక్కినది.

నేడు వేర్వేరు దేశాల పండితులు కలసి ఆ డైరీలను, లేఖలను అక్షరాక్షరం చదివి, జర్మన్ మూలాన్ని, ఆంగ్లానువాదాన్ని అంతర్జాలంలో అందరికీ ఉచితంగా అందిస్తున్నారు. ఒకరు ఎత్తివ్రాసిన పాఠాన్ని మరొకరు సరిచూస్తారు.

వేదం చదివిన వారికి ఇది క్రొత్త పద్ధతి కాదు. సంహితకు పదపాఠం, క్రమం, జట, ఘనం ఎందుకు ఏర్పడినవి? ఘనంలో ప్రతి పదమూ ముందుకు, వెనుకకు, మరల ముందుకు వస్తుంది. ఒక్క స్వరం జారినా ప్రక్కన కూర్చున్న ఘనపాఠి పట్టుకొంటాడు. వేదాన్ని కాపాడినది ఏ ఒక్కరి మేధాశక్తో కాదు, పరస్పర పరిశీలన. వియన్నా కాగితాలకు పండితులు చేస్తున్నదీ ఆ ధర్మమే.

గురుముఖతః వచ్చిన విద్యకు కాగితంతో పనియేమని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటకు ముత్తుస్వామి దీక్షితుల వంశీకులైన సుబ్బరామ దీక్షితుల (1839–1906) జీవితమే ప్రత్యుత్తరం. గురుముఖతః విద్య పొందిన ఆయన, చిన్నస్వామి మొదలియారు ప్రేరణతో, ఎట్టయాపురం సంస్థానాధీశుని ఆదరణతో, వంశధనమైన కృతులను గమకచిహ్నాలతో సహా లోకానికి వెల్లడించినారు. మొదలియారు క్రైస్తవుడు, అయినా దీక్షితులవారికి అది అడ్డు కాలేదు. 1904లో వెలువడిన ఆ ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తమిళదేశంలో ముద్రితమైనా తెలుగు లిపిలోనే ఉన్నది. నేడు ఔత్సాహికుల కృషివలన దాని ఆంగ్లరూపం సైతం అంతర్జాలంలో లభిస్తున్నది. దీక్షితులవారు ఆ విద్యను కంఠంలోనే దాచుకొని ఉంటే ఎన్ని కృతుల స్వరూపం మనకు దక్కేది?

రెండవ ఆక్షేపణ బలమైనది. డైరీలో కోపాలు, అప్పులు, అనారోగ్యాలు ఉంటాయి. పెద్దల ఆంతరంగికాన్ని వీధిలో పెట్టవచ్చునా? తగదు. జీవించియున్నవారికి నొప్పి కలిగించే పుటలను మూసి ఉంచవలసినదే. కాని కొన్ని పుటలకై కట్టనంతా ముంచడం, ఎలుక దూరినదని గాదెకు నిప్పుపెట్టడమే. పైగా ఆచార్యుని తడబాటు తెలిసిన సాధకునికి ధైర్యం కలుగుతుంది. సిద్ధి ఒక్కనాటిది కాదని బోధపడుతుంది.

నలుగురు కూడి అక్షరసేవ చేయడం ఈ సీమకు తెలియనిది కాదు. పిఠాపురం మహారాజుగారి పోషణలో, ఆంధ్రసాహిత్య పరిషత్తు పక్షాన, ఎందరో పండితులు దశాబ్దాల తరబడి శ్రమించి సూర్యరాయాంధ్ర నిఘంటువును నిర్మించినారు. నాడు మహారాజు అండ కావలసి వచ్చినది. నేడు జేబులోని సెల్‌ఫోనుతోనే ఆరంభించవచ్చును.

2027లో గోదావరీ పుష్కరాలు రానున్నవి. అందుకు ముందే భోషాణాలు తెరవండి. ప్రతి పుటకూ వరుసగా ఛాయాచిత్రం తీయండి. చదువగలిగిన ఇద్దరు ముగ్గురు కూర్చుని ఎత్తివ్రాయండి. తప్పని తోచినా మూలాన్ని దిద్దకండి. ప్రక్కన గుర్తు పెట్టండి. మూలప్రతిని రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట భద్రపరచండి.

దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతతితో, ఋషిఋణం అధ్యయనంతో తీరుతాయని శాస్త్రం. చదువకుండా ముంచిన గ్రంథంతో ఏ ఋణమూ తీరదు. గోదావరీమాతకు పసుపు, కుంకుమ, పుష్పం సమర్పించండి. పెద్దల చేతివ్రాతను మాత్రం ఆమె అడుగలేదు.