గృహ నిర్వహణము: సెప్టిక్ ట్యాంకు

వంటయింటిని గూర్చియు, పెరటి మొక్కలను గూర్చియు పలుమారు ముచ్చటించితిమి. పెరటి బండక్రిందనున్న సెప్టిక్ ట్యాంకు మాత్రము పొంగి ముక్కు మూయించిన దినముననే మనకు జ్ఞప్తికి వచ్చును. దానిని గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఆ తొట్టిలో మలమును జీర్ణింపజేయునవి సూక్ష్మజీవులు. మిగిలిన మడ్డి అడుగున పేరుకొనును. రెండు మూడేండ్లకొకమారు దానిని తీయింపవలయును. పెరుగునకు తోడువలె కొంచెము మాత్రము అడుగున నుంచుట మేలు. యాసిడ్డు, ఫినాయిలు విస్తారముగ గ్రుమ్మరించినచో ఆ జీవులు నశించును. గుడ్డపీలికలు, ప్లాస్టిక్కు సంచులు వేసినచో గొట్టములు పూడును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఖర్చు తగ్గునని మనిషిని లోనికి దింపరాదు. అందు హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువుండును. కుళ్లిన గ్రుడ్ల వాసనగల యీ వాయువు మిక్కుటమైనచో ఆ వాసనయు తెలియదు. దిగిన మనుష్యుడు క్షణములో సొమ్మసిల్లును. రక్షింప దిగినవారును అట్లే కూలుదురు. రక్షణ సాధనములు లేకుండ మనిషిని దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. దింపించినవారికి 2 ఏండ్ల వరకు చెరయో, 2 లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

కావున గొట్టముతో మడ్డిని పీల్చు యంత్రపు బండినే పిలిపింపుడు. మూత తీసినపుడు పిల్లలను దూరముగ నుంచుడు. దీపమునుగాని చుట్టనుగాని దరిజేరనీయకుడు. ఇంటివారు బేరము కుదుర్చునపుడు, "మనిషి దిగడు గదా?" యని మనమే యడుగుదము. మన యింటి శుభ్రమునకై వేరొక యింటి దీపమారరాదు.