ఉరుము దగ్గరపడక ముందే

ఏప్రిల్, మే నెలలలో పగలంతా ఎండ కాచి, అసర్ నమాజు వేళకు ఆకాశం నల్లబడడం మన ప్రాంతంలో పరిపాటి. సెలవుల్లో ఉన్న పిల్లలు ఆ వేళకే కంప్యూటరు ముందు చేరి ఉంటారు. మబ్బు కమ్మగానే పెద్దలు "స్విచ్ ఆపు బేటా" అంటారు. అంతటితో జాగ్రత్త పూర్తయిందని భావిస్తారు. పూర్తి కాలేదు.

స్విచ్ ఆపినప్పుడు దాని లోపల ఏర్పడే ఎడం కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకొని వచ్చే పిడుగుకు అదొక అడ్డు కాదు. పైగా పిడుగు మన ఇంటి మీదనే పడనక్కరలేదు. వీధి చివరి స్తంభం వద్ద పడినా, ఆ ఉద్ధృతి తీగల వెంట ఇండ్లలోనికి ప్రవేశిస్తుంది. కనుక ప్లగ్గును సాకెట్టు నుండి ఊడదీయడమే నమ్మదగిన మార్గం. సర్జ్ ప్రొటెక్టరు, యూపీఎస్ వంటివి కరెంటులోని చిన్న ఒడుదొడుకులను తట్టుకుంటాయి; సమీపంలో పడిన పిడుగును ఆపుతాయని దుకాణదారు చెప్పినా నమ్మరాదు. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలును విరిచి, రెండు రంధ్రాల సాకెట్టులో దూర్చే అలవాటు మరీ ప్రమాదకరం.

రెండవ దారిని చాలామంది మరచిపోతారు. మేమెరిగిన ఒక ఇంట ప్లగ్గు తీశారు. మేడ మీదుగా వచ్చిన ఇంటర్నెట్ తీగను మాత్రం అలాగే ఉంచారు. ఆ రాగి తీగ వెంటే ఉద్ధృతి వచ్చి రూటరు, కంప్యూటరు రెండూ కాలిపోయాయి. యంత్రాన్ని మళ్లీ కొన్నారు. డిగ్రీ చదివే ఆ ఇంటి అమ్మాయి నెలల తరబడి వ్రాసుకున్న ప్రాజెక్టు మాత్రం తిరిగి రాలేదు. ఫైబరు కనెక్షనైతే అందులోని గాజు పోగు విద్యుత్తును మోయదు. అయినా దాని పెట్టెకున్న అడాప్టరును, పెట్టె నుండి కంప్యూటరుకు వచ్చే తీగను తీయవలసిందే.

ఇదంతా ఎప్పుడు చేయాలి? మెరుపు కనిపించింది మొదలు ఉరుము వినిపించే వరకు లెక్కించండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. లెక్క 30 సెకన్ల లోపే ముగిసిందంటే పిడుగులు 10 కిలోమీటర్ల లోపలికి వచ్చినట్లే. ఆ తరువాత ప్లగ్గును, తీగను ముట్టరాదు. పట్టుకున్న చేతికే ముప్పు. అప్పుడిక కంప్యూటరు పోతే పోనివ్వండి, పిల్లలను దాని వద్దకు పంపకండి. మబ్బు పట్టగానే తీసివేస్తే ఈ చిక్కు రాదు. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన 'దామిని' యాప్ ఫోనులో ఉంటే సమీపంలోని పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఛార్జరు తీసివేసిన ల్యాప్‌టాప్‌ను, ఫోనును ఇంట్లో వాడుకోవచ్చు.

"రాసిపెట్టి ఉంటే జరుగుతుంది" అనేవారు మనలో లేకపోలేదు. ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (సల్లం) బోధ వారికీ తెలిసినదే.

సందర్భం వచ్చింది గనుక ఇంకొక మాట. మేడ మీది ట్యాంకు నుండి ఇనుప గొట్టాలున్న ఇండ్లలో ఉరుముల వేళ కుళాయి వద్ద వుజూ చేయకండి. ముందే బకెట్టులో నీరు పట్టి ఉంచుకోండి.

చివరి ఉరుము వినిపించిన 30 నిమిషాల తరువాతనే ప్లగ్గులు తిరిగి పెట్టాలి. కరెంటు పోయి వస్తే, అది నిలకడగా ఉందని తేలేదాకా మరికొంతసేపు ఆగాలి. పిల్లల చదువు కాగితాలు, ఇంటి లెక్కలు, ఫోటోలు వారానికొకసారి పెన్‌డ్రైవులోనికి ఎక్కించండి. దానిని కంప్యూటరుకే తగిలించి ఉంచక, బీరువాలో భద్రపరచండి.