అర్ధరాజ్యంలో పెద్దమ్మ వాటా ఎంత?



మొన్న ఒక శనివారం మా తెలుగు మాస్టారు క్లాసులో చర్చ పెట్టారు. "మాయలూ మంత్రాలూ ఉండే కథల్లో ఎవరూ పట్టించుకోని పాత్ర ఒకటి చెప్పండి. దాన్ని ఎందుకు మెచ్చుకోవాలో కూడా చెప్పాలి" అన్నారు. రాకుమారులు, రాకుమార్తెలు, మాంత్రికులు పనికిరారని ముందే షరతు పెట్టేశారు. చివర్లో చేతులెత్తి ఓట్లు వేశాం. నేను చెప్పిన పాత్రకి మూడు ఓట్లు వచ్చాయి. అందులో ఒకటి నాదే! ఓడిపోయినందుకు నాకేం బాధ లేదు. కానీ గెలిచినవాళ్ళ వాదన మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు. క్లాసులో ఒక్కొక్కరికి రెండు నిమిషాలే ఇచ్చారు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మిగతావాళ్ళ సంగతి చూద్దాం. ఒక అబ్బాయి హ్యారీ పోటర్ కథలోని డాబీ పేరు చెప్పాడు. డాబీ ఒక గొప్పింట్లో బానిస. ఒక మేజోడు చేతికి రావడంతో వాడికి స్వేచ్ఛ దొరుకుతుంది. చివరికి హ్యారీని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకుంటాడు. నేనూ ఏడ్చాను, కాదనను. అయితే డాబీని మర్చిపోయిందెవరు? హ్యారీ మంత్రం వాడకుండా తన చేతులతోనే గొయ్యి తవ్వాడు, రాయి మీద పేరు కూడా చెక్కాడు. అంత మర్యాద జరిగినవాడు పట్టించుకోని పాత్ర ఎలా అవుతాడు?

ముందు బెంచీ అమ్మాయి తపొయి పేరు చెప్పింది. ఏడుగురు అన్నల ముద్దుల చెల్లెలు తపొయి. అన్నలు ఓడలెక్కి వ్యాపారానికి వెళ్ళాక వదినలు ఆమెని మేకలు కాయడానికి అడవికి తోలారు. చాలా మంచి పాత్ర. కానీ మన ఒడిశాలో భాద్రపదమాసం ఆదివారాల్లో ఆడపిల్లలు ఖుదురుకుణి ఓషా నోము నోచి, ఏటా ఆమె కథే చెప్పుకుంటారు కదా! నోములో కథ ఉన్నామెని మరిచిపోయారని ఎలా అంటాం?

ఇంకొక అబ్బాయి లేచి "బేతాళ కథల్లో శవం" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అన్నిటికంటే ఎక్కువ ఓట్లు దానికే పడ్డాయి. నాకు మింగుడు పడనిది ఇదే. చందమామ 1947 జూలైలో మొదలైంది. తర్వాత ఒడియాలో జహ్నమాము పేరుతో కూడా వచ్చింది. అందులో శంకర్ గారు గీసిన విక్రమార్కుడి బొమ్మ తెలియనివాళ్ళుండరు. చేతిలో కత్తి, భుజం మీద శవం. బతికున్నవాళ్ళలో ఎంతమందికి ఆ శవానికున్నంత పేరుంది? పైగా అది చేసిన పనేమిటి? మోయించుకోవడమే!

నేను చెప్పింది పేదరాశి పెద్దమ్మ పేరు.

ఆమె మీ అందరికీ తెలుసు. రాకుమారుడు కొండలూ అడవులూ దాటి ముక్కూ మొహం తెలియని పట్నానికి వస్తాడు. పొద్దుగూకిపోతుంది. కోట తలుపులు మూసేస్తారు. ఊరి చివర ఒక పూరిగుడిసెలో దీపం కనిపిస్తుంది. ముసలమ్మ తలుపు తీసి, "ఎవరు నాయనా, ఏ ఊరు?" అని అడుగుతుంది. కాళ్ళకి నీళ్ళిచ్చి, వండి వడ్డిస్తుంది. అతను తింటుండగా ఊరి సంగతులన్నీ చెబుతుంది. రాజుగారి కూతురికి పట్టిన పీడ ఏమిటో, వెళ్ళిన రాకుమారులు ఎందుకు తిరిగి రాలేదో, కోటలోకి ఏ దారిన వెళ్ళాలో ఆమెకే తెలుసు. తెల్లారేసరికి రాకుమారుడు కత్తి పట్టుకుని వెళ్ళిపోతాడు. రాక్షసుడు చస్తాడు. పెళ్ళి జరుగుతుంది. రాజుగారు అర్ధరాజ్యం ఇస్తారు. కథ కంచికి, మనం ఇంటికి. పెద్దమ్మ ఏమైంది? ఏ కథలోనూ నాకు జవాబు దొరకలేదు.

బాలనాగమ్మ కథ చూడండి. అది బుర్రకథగా ఊరూరా తిరిగింది, 1942లో సినిమాగా కూడా వచ్చింది. మాయలఫకీరు ప్రాణం చిలకలో ఉందని ఎవరిని అడిగినా చెబుతారు. తల్లిని విడిపించడానికి వెళ్ళిన బాలవర్ధిరాజుని కూడా మెచ్చుకుంటారు. కానీ ఆ పిల్లాడు ఫకీరు ఊళ్ళో ఎవరింట్లో తలదాచుకున్నాడు? పూలమాలలు కట్టే తంబళి పెద్ది ఇంట్లో. ఆమె లేకపోతే తల్లికి కొడుకు కబురే అందేది కాదు. మా క్లాసులో ఆమె పేరు విన్నవాళ్ళు ఇద్దరే ఉన్నారు.

ఇంకో వింత ఉంది. ఇలాంటి కథలన్నిటినీ కలిపి మనం ఏమంటాం? "పేదరాశి పెద్దమ్మ కథలు" అంటాం. కథలన్నిటికీ ఆమె పేరే పెట్టుకున్నాం, ఆమె గురించి మాత్రం ఒక్క కథా చెప్పుకోలేదు.

ఇక నా మీద వచ్చిన అభ్యంతరాలకి జవాబు చెబుతాను.

మొదటిది: "ఆమె ఊరికే పెట్టలేదు కదా, రాకుమారుడు వరహాలు ఇచ్చాడు." అవును, ఇచ్చాడు. ఆ డబ్బుతోనే ఆమె బియ్యం, పప్పు తెచ్చి అతనికి వండింది. ఇంట్లో గింజ లేని మనిషి డబ్బు తీసుకోవడం తప్పా? మరి అర్ధరాజ్యం పుచ్చుకున్న రాకుమారుడిని ఎవరూ ఆ మాట అనరేం?

రెండోది: "ఆమెకి ధైర్యం లేదు. వెళ్ళొద్దు నాయనా అని ఏడుస్తుంది." ఇది నాకు కోపం తెప్పించిన మాట. రాకుమారుడు ఓడిపోతే అతని తల ఒక్కటే పోతుందా? పరాయి ఊరివాడిని ఎవరు దాచారని భటులు వెతుక్కుంటూ వచ్చేది ఆ గుడిసెకే. అతనికి ఎక్కడో సొంత రాజ్యం ఉంది, గుర్రం ఉంది. ఆమె ఆ రాజు కిందే, ఆ ఊళ్ళోనే బతకాలి. అది తెలిసే తలుపు తీసింది. వెళ్ళొద్దని ఏడ్చింది కూడా అతని మీద జాలితోనే.

మూడోది మాస్టారే అడిగారు: "రాకుమారుడికి ఊరి సంగతులు ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి కథ చెప్పేవాళ్ళు ఆమెని కల్పించారేమో?" కావచ్చు మాస్టారూ. అయితే షావుకారుని కల్పించలేదేం? కోట దగ్గర ఉండే మంత్రినో పూజారినో కల్పించలేదేం? పరాయి ఊళ్ళో రాత్రివేళ ఎవరి తలుపు తడితే తెరుచుకుంటుందో ఆ కథలు చెప్పిన మన మామ్మలకీ అమ్మమ్మలకీ తెలుసు. అందుకే ఆ పని పేద ముసలమ్మకి అప్పజెప్పారని నేననుకుంటున్నాను.

ఇదంతా ఉత్త కథల గొడవే కదా అనుకోకండి. కథల్లో ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకరు పెద్దమ్మ. ఇంకొకరు మనుషుల్ని తినేసే బుఢీ అసురుణి. బయట మన జనం ఎక్కువగా రెండోదాన్నే నమ్ముతున్నారు. ఎవరికో జ్వరం వస్తే, ఎవరి ఆవో చస్తే, ఊళ్ళో ఒంటరి ముసలమ్మ మీద చిల్లంగి పెట్టిందని, డాహాణి అని ముద్ర వేస్తారు. ఇలా ముద్ర వేసి హింసించడం నేరమని మన ఒడిశాలో 2013లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. చట్టం పెద్దలు చూసుకుంటారు. ముసలమ్మ గుడిసె కనబడగానే మనకి ముందు ఎవరు గుర్తుకు రావాలన్నది మాత్రం చదువుకునే పిల్లలం మనం చూసుకోవాలి.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి. రెండేళ్ళ కిందట మా తమ్ముడికి మలేరియా ముదిరింది. రాయగడ నుంచి కోరాపుట్ తీసుకెళ్ళేసరికి బాగా రాత్రయింది. మా చినమామ్మ, అంటే మా మామ్మ చెల్లెలు, అక్కడ ఒక్కతే ఉంటుంది. ఒక గది, ముందు చిన్న వసారా. మధుబాబు పింఛనుతో గడుపుకుంటోంది. తలుపు కొట్టగానే తీసింది. పదకొండు రోజులు మమ్మల్ని చూసుకుంది. ఆసుపత్రిలో చీటీ ఎక్కడ రాయించాలో, రక్తపరీక్ష కాగితం ఎన్ని గంటలకి వస్తుందో, వేడినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అన్నీ ఆమే చెప్పింది. రోజూ రెండుపూటలా కేరేజీ కట్టి పంపింది. మాకు ముందు కూడా చాలామంది ఊరివాళ్ళు రోగుల్ని తీసుకొచ్చి ఆ వసారాలోనే పడుకున్నారట.

తమ్ముడు కోలుకున్నాడు. మజ్జిగౌరమ్మకి మొక్కు తీర్చుకుని భోజనాలు పెట్టాం. డాక్టరు గారి పేరు అందరికీ చెప్పాం. రాత్రి తీసుకెళ్ళిన కారు డ్రైవరుకి కొత్త చొక్కా పెట్టాం. చుట్టాలందర్నీ పిలిచాం. చినమామ్మని పిలవడం మర్చిపోయాం. అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతుంటే ఆమె కేరేజీ కనిపించింది. అప్పుడు గుర్తొచ్చి అమ్మ అలా నిలబడిపోయింది. తర్వాత ఫోన్ చేసి మాట్లాడింది గానీ, ఆ కేరేజీ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అందుకే చెబుతున్నాను, పెద్దమ్మని మర్చిపోయే రాకుమారులు కథల్లోనే ఉండరు.

మీ ఇళ్ళలో కూడా అడిగి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై మన ప్రాంతం అందులో కలవకముందు నుంచీ ఇక్కడున్న తెలుగువాళ్ళు కొందరు. రైల్వే పనికో, కాగితం మిల్లు పనికో తర్వాత వచ్చినవాళ్ళు కొందరు. అలా వచ్చిన మీ తాతకి మొదటి రాత్రి పడుకోవడానికి చోటిచ్చిందెవరు? ఆమె తెలుగామో, ఒడియా ఆమో, కొంధు ఆమో కావచ్చు. ఆమె పేరు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా?

ఈ వ్యాసం రాసేముందు చినమామ్మకి ఫోన్ చేసి చర్చ సంగతంతా చెప్పాను. అర్ధరాజ్యంలో పెద్దమ్మకి సగం వాటా ఇవ్వాలన్నాను. ఆవిడ నవ్వేసి, "పెద్దమ్మకి రాజ్యమెందుకే? వానాకాలంలో గుడిసె కారకుండా కప్పు నేయించమను, చాలు" అంది. మాస్టారూ, అల్లుడికి అర్ధరాజ్యం ఇవ్వగలిగిన రాజుకి నాలుగు మోపుల గడ్డి బరువా?

వచ్చే సంక్రాంతికి మేం కోరాపుట్ వెళ్తున్నాం. అమ్మ అరిసెలు చేస్తానంది. ఆ కేరేజీ నింపి తీసుకెళ్ళే పని నాది. చినమామ్మ వసారా రేకులు కారుతున్నాయో లేదో చూసొచ్చే పని నాన్నది. ఈలోగా మాస్టారు ఇంకోసారి ఓట్లు పెడితే బాగుంటుంది. శవానికి ఓటేసినవాళ్ళు ఈసారి కాస్త ఆలోచించి చెయ్యెత్తండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని, రాయగడ