ఇంటి లెక్క: బర్గర్‌కు ఖీమా ఎంత తేవాలె?

సెలవులల్ల పిల్లలకు బర్గర్ మీద మనసు పోతది. ఇంట్లోనే మటన్‌తో చేద్దామంటే మొదట వచ్చే ప్రశ్న, ఏడుగురున్న ఇంటికి ఖీమా ఎంత తేవాలె అని. కిలో తెస్తే చెయ్యి కాలుతది. అర్ధ కిలో తెస్తే అందరికీ వడ్డించినంక వండినామెకు ఉత్త పావ్ మిగుల్తది. అందుకే ఈ నెల ఈ లెక్కే.

బర్గర్ పుట్టిన దేశంల దాన్ని గొడ్డుమాంసంతో చేస్తరు. అక్కడి పెద్ద బర్గర్‌కు పావు పౌండు మాంసం, అంటే 113 గ్రాములు. మన దేశానికి 1996ల మెక్‌డొనాల్డ్స్ వచ్చినప్పుడు గొడ్డుమాంసం పెట్టలేదు, మటన్‌తోనే మహారాజా మాక్ అని మొదలుపెట్టింది. కనుక మటన్ బర్గర్ అంటే ఏదో నకిలీ అనుకోవద్దు.

ఆ 113 గ్రాములు పచ్చి మాంసం తూకం, వండినంక తూకం కాదు. పెనం మీద నీరు, కొవ్వు పోయి ఇంచుమించు నాలుగో వంతు తగ్గుతది. నూలు తూకంల వేస్టేజ్ పట్టుకునే ఇండ్లు మనవి, ఈ మాట మనకు కొత్త కాదు.

ఇప్పుడు ఏడుగురు: పెద్దలు నలుగురు, కాలేజీ పిల్లగాడు ఒకడు, చిన్నపిల్లలు ఇద్దరు. పెద్ద బన్ను అయితే మనిషికొకటి, బిళ్ళకు 110 గ్రాములు, మొత్తం 770. మన లాదీ పావ్ అయితే బిళ్ళకు 60 గ్రాములు చాలు. పెద్దలకు, కాలేజీ పిల్లగానికి రెండేసి, చిన్నోళ్ళకు ఒక్కోటి, మొత్తం పన్నెండు. 720 గ్రాములు. రెండు తీర్లా ముప్పావు కిలో దగ్గరికే వస్తున్నది. నేనైతే లాదీ పావే అంట. పెద్ద బన్నుల చిన్నపిల్లలు సగం వదిలేస్తరు, ఆ సగం అమ్మ ప్లేటులకు వస్తది, అదే ఆమె వాటా అయిపోతది. లెక్క కట్టేటప్పుడే వండే మనిషిని కూడా రెండు బిళ్ళల మనిషిగా రాసుకోండి.

కిలో 800 అనుకుంటే ముప్పావు కిలోకు 600 రూపాయలు. పగారు ముందు వారంల అది బరువే. అప్పుడు అర్ధ కిలో ఖీమాల పావు కిలో ఉడికిన ఆలుగడ్డ మెదిపి కలపండి. అవే పన్నెండు బిళ్ళలు 400 రూపాయలల్ల అయితయి. రుచి కట్లెట్ దిక్కు పోతది, దాచిపెట్టేదేం లేదు. పిల్లలు మాత్రం కనిపెట్టరు. చికెన్ ఖీమా ఇంకా చౌక, కానీ అది మెత్తగ ఉంటది, బిళ్ళ నిలబడాలంటే పుట్నాల పొడి ఎక్కువ పడుతది.

దుకాణంల ఒకటి చూడాలె. ఎముక ముక్కలు తూకం వేయించి, తర్వాత ఎముక తీసి కొట్టిస్తే మీ ముప్పావు కిలో ముప్పావు కిలోగా రాదు. కొట్టినంక మళ్ళీ తక్కెట్ల పెట్టమనండి, మొహమాటపడొద్దు. కొంచెం కొవ్వు ఉండనియ్యమనండి, ఉత్త ఎర్ర మాంసమైతే బిళ్ళ పొడిపొడిగా రాలుతది.

ఖీమా కడిగితే జల్లెట్ల వేసి నీళ్ళన్నీ ఒడవనియ్యాలె. ముప్పావు కిలోకు నాలుగు చెంచాల పుట్నాల పొడి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు. బిళ్ళ పావ్ కంటే వేలెడు వెడల్పు చేసి, నడుమ బొటనవేలితో చిన్న గుంట పెట్టండి. కాలేటప్పుడు చుట్టు కుదించుకుని నడుమ ఉబ్బుతది, గుంట ఉంటే సమంగ వస్తది. లోపల ఎర్రగ ఏం మిగలొద్దు, ఖీమాకు ఇది ముఖ్యం. ముక్కకైతే పైన ఉండే మురికి ఖీమాల లోపలిదాకా కలిసిపోతది.

ఫ్రిజ్ లేని ఇంట్ల ఖీమా తెచ్చిన వెంటనే వండాలె. సాయంత్రం బర్గర్‌కు పొద్దున తెచ్చి పెట్టొద్దు.